తాళంచెవి చేబదులు ఇచ్చిన పంతులమ్మ

మా పెద్ద పంతులమ్మ పోయింది. జనగామలో ఆడపిల్లల బడి నడిపిన పంతులమ్మ. పోయిన ఆదివారం తెల్లవారుజామున, నిద్రలోనే. ఎనభై దాటిన మనిషి, దానికి నేను దేవుణ్ని తప్పు పట్టను. నా కడుపుమంట వేరే. సంతాప సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "తెలంగాణ కోసం తన బడినే దానం చేసిన తల్లి" అన్నాడు. జనం తలలూపారు. రాష్ట్రం వచ్చిన నాటి నుంచి ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు, నేను పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆమె దానం చేయలేదు. తాళంచెవి చేబదులు ఇచ్చింది. ఇచ్చినప్పుడు పక్కన నేనున్నాను.

నేను రాతగాణ్ని కాదు. ఆటో నడుపుతాను, అంతకుముందు రిక్షా తొక్కాను. నా రాతలో ఒత్తులు తప్పుతాయి, మాట తప్పదు. ఈ నాలుగు అక్షరాలు కూడా ఆమె పెట్టినవే. రిక్షాలో బడికి తీసుకుపోతుంటే దారిలో దుకాణాల బోర్డులు చదవమనేది. తప్పు చదివితే బడి ముందు దిగేది కాదు.

"మళ్ల సదువు భాయ్. నేను గిట్లనే కూసుంట. బడి లేటైతె పాపం నీదే."

"అమ్మా, ఎండ కొడుతుంది, జర దిగరాదే."

"ఎండ నాక్కూడ కొడుతుంది. సదువు."

గేటు దగ్గర పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నాకు రోషం పొడుచుకొచ్చేది. ఆ రోషంతోనే చదువు వచ్చింది.

ఆ బడి ఆమె పెట్టింది కాదు, ఆమె మేనత్త పెట్టింది. నిజాం కాలం చివరి రోజులు. సర్కారు బళ్లలో ఉర్దూ చదువు, అదీ మగపిల్లలకే. చిన్న వయసులో భర్త పోయిన ఆ మేనత్త తన ఇంటి వాకిట్లోనే ఆడపిల్లలకు తెలుగు చెప్పడం మొదలుపెట్టింది. కానీ పిల్లలు వీధిలో నడిచి వస్తే ఇంటివాళ్లు ఒప్పుకోరు. అప్పుడు మా దాదాను, అంటే మా నాయిన తండ్రిని, పిలిపించింది. ఎడ్లబండికి చుట్టూ పరదా కట్టించింది. మా తురకల ఇళ్ల పిల్లలు, కోమట్ల పిల్లలు, రెడ్ల పిల్లలు అందరూ ఆ ఒక్క బండిలోనే వచ్చేవాళ్లు.

ఆ బండికి ఒక కట్టుబాటు ఉండేది. మా దాదా వెనక్కి తిరిగి చూడకూడదు. పిల్ల ఎక్కి సర్దుకుని కూర్చున్నాక బండి చెక్క మీద రెండుసార్లు కొట్టాలి. అప్పుడే ఎడ్లు కదలాలి. ముసలివాడయ్యే దాకా ఆ బండి తోలినా, ఏ పిల్ల ముఖం ఎలా ఉంటుందో ఆయన ఎరగడు. చప్పుడును బట్టి మాత్రం ఎవరి బిడ్డో చెప్పేవాడు. మా పంతులమ్మ కూడా చిన్నప్పుడు ఆ చెక్క కొట్టిన పిల్లే. ముసలితనంలో నా ఆటో ఎక్కినా, కూర్చోగానే ఇనుప కడ్డీ మీద రెండుసార్లు తట్టేది. "పోనియ్" అని ఏనాడూ అనలేదు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఆ పెద్దమనిషి బడికి వచ్చాడు. అప్పటికి బడి చిన్నదైపోయింది. కూలికి పోయే వాళ్ల పిల్లలు, తండాల నుంచి వచ్చిన పిల్లలు చదువుకునేవాళ్లు.

"అమ్మా, దీక్ష శిబిరం ఏడ పెట్టినా పోలీసులు లేపుతున్నరు. మీ వాకిలైతె ముట్టరు. జర తాళంచెవి ఇయ్యిన్రి. తెలంగాణ వచ్చిన తెల్లారే మీ చేతిల పెడుత."

"మరి నా పిల్లలు ఏడ కూసోవాలె?"

"మా ఇంటి పక్క రేకుల షెడ్డుంది గద. నాలుగొద్దులే."

నేను ఆగలేదు. "అమ్మా, కాగితం మీద రాయించుకో" అన్నాను. ఆమె నా వైపు కోపంగా చూసింది.

"మీ దాదా ఎవరికన్న కాగితం రాసిచ్చిండా? ఊరంత బిడ్డల్ని తెచ్చి బండెక్కిచ్చిండ్రు. గీ బడి పుట్టిందే నోటిమాట మీద."

అలా అని తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. ఆమెను తప్పుపట్టలేను. మాట మీద బతికిన బడి ఆమెది. మాట తప్పే మనిషిని ఆ బడి చూడలేదు.

తెలంగాణ వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకున్నాం, నేనూ గంతులేశాను. మరునాడు ఆమెను ఆటోలో ఆయన ఇంటికి తీసుకుపోయాను. "రేపమ్మా" అన్నాడు. తర్వాత పోయినప్పుడూ రేపే. చివరికి నవ్వుతూ, "ఇంకేం బడమ్మా, పిల్లలంత కాన్వెంట్లకు పోతున్నరు" అన్నాడు.

"పోలేని పిల్లల కోసమే గద నాయినా గీ బడి" అందామె. ఆయన ఫోన్ మోగింది, లోపలికి పోయాడు.

గేటు తీసేసి షట్టర్ పెట్టారు. పైన ఆయన ఫొటో. లోపల ఆయన మనుషులు కూర్చునే ఆఫీసు. రేకుల షెడ్డులో ఎండాకాలం తట్టుకోలేక పిల్లలు ఒక్కొక్కరే మానుకున్నారు. ఆటో ఆ దారిన పోతే ఆమె అక్కడ ఆపమనేది. కాసేపు చూసి కడ్డీ తట్టేది. ఆయన్ని ఒక్క తిట్టు తిట్టగా వినలేదు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

పాడె కూడా ఆ దారినే పోయింది. మానుకోట నుంచి, చిట్యాల నుంచి పాత విద్యార్థులు వచ్చారు. నర్సింహులపేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, మా దాదా బండి ఎక్కిన ఆఖరి పిల్లల్లో ఒకతె, మెల్లగా మెట్లెక్కి షట్టర్ మీద రెండుసార్లు కొట్టింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత ఆడవాళ్లందరూ. లోపల మనుషులున్నారు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. ఎవరూ తియ్యలేదు.

అయ్యా పెద్దమనిషీ, మైకులో దానం అన్నావు. అది దానమా, చేబదులా? సద్దుల బతుకమ్మ నాటికి నాకు జవాబు కావాలి. ఒకప్పుడు ఆ వాకిట్లోనే మా ఆడపిల్లలు బతుకమ్మ ఆడేవాళ్లు. ఆ రోజు పొద్దుగూకక ముందే ఆడవాళ్లను ఎక్కించుకుని నీ షట్టర్ ముందుకు వస్తాను. మా దాదా లాగే వెనక్కి తిరిగి చూడను. వాళ్లు రెండుసార్లు కొడతారు. ఆ తర్వాత నాకు తాళం తీసిన చప్పుడు వినబడాలి.