రీవా మీద మర్యాద

స్ప్లిత్ ఊళ్ళో, సముద్రం ఒడ్డున రీవా అనే నడకబాట మీద, జనం మర్యాదగా మాట్లాడేది ఇద్దరితోనే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళతోనూ, తిరిగిరాని చోటికి బయల్దేరిన వాళ్ళతోనూ. మధ్యలో ఉన్న మనకందరికీ తిట్లే. పొద్దున్నే ఎదురుపడ్డ పాత స్నేహితుణ్ణి "ఇంకా బతికే ఉన్నావా, నీ పింఛను ఖర్చుకి ప్రభుత్వం దివాలా తీసేలా ఉంది" అంటే కుశలమడిగినట్టు. తిట్టకుండా తల ఊపి వెళ్ళిపోయాడంటే ఏదో జరిగిందన్నమాట.

వింకోకి ఈ సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆయన రేవులో తాళ్ళు కట్టే పనిలో ముసలివాడయ్యాడు. ఫెర్రీ ఒడ్డుకి చేరగానే పైనుంచి తాడు విసురుతారు, దాన్ని అందుకుని ఇనుప గుంజకి తగిలించాలి. బయల్దేరేటప్పుడు విప్పాలి. ప్రయాణాలు చేసినవాళ్ళు వేరు, కట్టి విప్పినవాడు వింకో. ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి అన్ని చోట్లకీ వెళ్ళొచ్చినట్టు చెప్పుకునేవాడు. చిన్నప్పుడు మఠంలో ఆదివారం పాఠాలు చెప్పే సిస్టర్ బెనదిక్త, ఒక్కొక్క అబద్ధం ప్రభువు ముళ్ళ కిరీటంలో ఒక్కొక్క ముల్లవుతుందని చెప్పింది. "పెద్ద అబద్ధానికి పెద్ద ముల్లా, సిస్టర్?" అని అడిగాడు వింకో. ఆవిడ బెత్తం వాడికి ఆ రోజంతా మంట పుట్టించింది కానీ బుద్ధి మాత్రం పుట్టించలేదు.

ఆయన అబద్ధాల్లోకెల్లా గొప్పది మలుగు చేపది. ఒకసారి ఆయన గాలానికి పడ్డ మలుగు పడవనీ ఆయన్నీ బ్రాచ్ దీవి దాకా ఈడ్చుకుపోయిందట. మొదట్లో అది చెయ్యంత ఉండేది. తర్వాత మనిషంత అయింది. పోయినేడు చెప్పినప్పుడు దాని తల బ్రాచ్‌లో, తోక స్ప్లిత్‌లో ఉన్నాయి. ఖర్జూరపు చెట్టు కింద బెంచీ మీద కూర్చునే ముగ్గురు, అంటే పోస్టుమాన్‌గా చేసి దిగిన ప్యేరో, రొట్టెల బట్టీ ఫ్రానే, మంగలి లోవ్రే, ఏనాడూ ఆ చేపని ఒప్పుకోలేదు. ముఖ్యంగా లోవ్రే. కత్తి మానేశాక దాని పదునంతా నాలుకకి పట్టించుకున్నవాడు.

ఈ శరదృతువులో వింకోని ఆసుపత్రిలో కోశారు, చూశారు, కుట్టేశారు. "పుండు. తీసేశాం" అన్నాడు డాక్టరు. "పుండేనట. తీసేశారట" అంది భార్య తోంకా, పొయ్యివైపు తిరిగి. ఆవిడ అబద్ధమాడేటప్పుడు పొయ్యితో మాట్లాడుతుంది. అబద్ధాలు ఆడటం వింకో విద్య, ఆవిడది కాదు. కానీ నిలదీస్తే ఏడుస్తుంది, అది ఆయన చూడలేడు.

నిజం తెలుసుకోవడానికి ఒక్కటే చోటుంది. తోంకా ఎవరికీ చెప్పకుండా ఉండలేదు. చేపల బజారులో ప్యేరో భార్యకి చెప్పే ఉంటుంది. అక్కడ పక్కనే ఉన్న గంధకపు నీటి ఊట వాసనకి ఈగలు వాలవంటారు కానీ మాటలు మాత్రం ముసురుతాయి. బజారుకి తెలిసింది మధ్యాహ్నానికల్లా బెంచీకి తెలుస్తుంది. బెంచీ వాళ్ళు తిడితే, పుండు పుండే.

అందుకని నడవగలిగిన మొదటి రోజునే వింకో టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

యూగో వీస్తోంది. దక్షిణం నుంచి వచ్చే తడి గాలి అది. వచ్చిందంటే ఊళ్ళో అందరికీ తలనొప్పి, మొగుడూ పెళ్ళాలకి తగువులు. సముద్రం కడుగునీళ్ళ రంగులో ఉంది. అలలు గట్టెక్కి రీవా తెల్లరాళ్ళ మీద నాచు పారబోస్తున్నాయి. కాఫీ దుకాణాలవాళ్ళు కుర్చీలు లోపల పెట్టేశారు. వింకో దారిపొడుగునా జవాబులు సిద్ధం చేసుకున్నాడు. "శవపేటిక తిరిగిచ్చేశావా?" అంటే, "నీ కొలతకి సరిపోయింది, నీకే ఉంచమన్నాను" అనాలి.

బెంచీ మీద ఫ్రానే, ప్యేరో ఉన్నారు. ఆయన్ని చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు.

ఆ బెంచీ దగ్గర ఎవరి కోసమూ ఎవరూ లేవలేదు. ఒకసారి బిషప్పు వస్తేనే కాళ్ళు ముడుచుకున్నారు, అంతే.

"రా వింకో, ఇటు కూర్చో, ఇక్కడ గాలి తగలదు" అన్నాడు ఫ్రానే. చెట్టుపక్క మూల ఫ్రానేది. దానికోసం ఒకప్పుడు లోవ్రేతో వేసవంతా మాటలు మానేశాడు.

"తేలికపడ్డావు, ముఖం బాగుంది" అన్నాడు ప్యేరో, బూట్లవైపు చూస్తూ.

వింకో కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఇంకా నమ్మబుద్ధి కాలేదు. పరీక్ష పెడదామనుకున్నాడు.

"మీకు చెప్పానో లేదో. ఒక చలికాలం ఉత్తరపు గాలికి తాడు తెగింది. ఫెర్రీని నేను పళ్ళతో పట్టి ఒడ్డుకి లాగాను."

ఆయనవి కట్టుడు పళ్ళు. ఒకసారి తుమ్మితే ఈ బెంచీ కిందే పడ్డాయి. వెతికిచ్చింది ప్యేరోయే.

"నీ పళ్ళు గట్టివి" అన్నాడు ప్యేరో.

"అందులో సర్కస్ వాళ్ళున్నారు. ఏనుగుతో సహా."

ఫ్రానే తలూపాడు. "ఏనుగంటే... బరువే మరి. కష్టపడ్డావు."

అంతే. వింకోకి ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఏనుగుని ఒప్పేసుకున్నారు. ఇంక ఎన్నాళ్ళో కూడా వీళ్ళకి తెలిసే ఉంటుంది. అడిగితే మర్యాదగా చెప్తారు కూడా. చావుకంటే అదే ఎక్కువ భయమేసింది ఆయనకి. మిగిలిన రోజులన్నీ ఈ బెంచీ మీద గాలి తగలని మూలన కూర్చుని, ఏం చెప్పినా తలూపించుకుంటూ గడపాలా?

"లోవ్రే ఏడీ?"

"బ్రాచ్‌లో చెల్లెలి ఇంటికి, ఆలివ్ కాయలు దులపడానికి. ఈ ఫెర్రీకి వస్తాడు" అని ఫ్రానే అంటుండగానే దూరంగా కూత వినిపించింది. ప్యేరో చటుక్కున లేచాడు. "కాళ్ళు పట్టేశాయి, అలా నడిచొస్తా."

లోవ్రేకి ఇంకా తెలియదన్నమాట. వింకో ఆశగా మెడ చాచాడు. ప్రయాణికులు దిగుతున్నారు. లోవ్రే భుజాన నూనె డబ్బా పెట్టుకుని దిగాడు. ప్యేరో ఎదురెళ్ళి అతని చెవిలో ఏదో చెప్పాడు. లోవ్రే డబ్బా కింద పెట్టాడు. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. డబ్బా అక్కడే మర్చిపోయి నడిచాడు. ప్యేరో వెనక్కి పరిగెత్తి దాన్ని మోసుకొచ్చాడు.

లోవ్రే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పక్కన కూర్చున్నాడు.

"ఎలా ఉన్నావు, వింకో?"

"నువ్వు కూడానట్రా?" అన్నాడు వింకో. "ఊరందరి గెడ్డాలూ కోసి రక్తం కళ్ళజూసినవాడివి. కన్యాస్త్రీలా ఎలా ఉన్నావంటావేమిట్రా? లే, లేచి మళ్ళీ రా. నన్ను కొత్తగా చూసినట్టు రా."

అల ఒకటి గట్టు దాటొచ్చి వాళ్ళ బూట్ల దగ్గర ఆగింది.

"నాకు తెలుసురా. మీ మొహాలే చెప్పాయి" అన్నాడు వింకో, ఈసారి మెల్లగా. "ఎలాగూ పోతున్నాను. నా ఏనుగుని ఒప్పుకుని మాత్రం పంపకండి."

లోవ్రే నూనె డబ్బాని బెంచీ కిందకి తోశాడు.

"నీ మలుగు," అన్నాడు చివరికి. "బ్రాచ్‌లో అందర్నీ అడిగాను. చూసినవాడొక్కడూ లేడు."

"అడిగావూ?"

"అడిగాను. అసలది మలుగే కాదు. ఎర చేప. ఇంత." లోవ్రే రెండు అరచేతులు దగ్గరగా పెట్టి చూపించాడు.

వింకో వాటిని పట్టుకుని పక్కలకి జరిపాడు. "ఇంత."

లోవ్రే మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. "ఇంత. అబద్ధాలకోరు ముసలి గాడిదా."

వింకో మళ్ళీ జరిపాడు. అలా ఇద్దరూ చేతులు పట్టుకుని లాక్కుంటూ ఉండిపోయారు. ఆ బెంచీ మీద మామూలు రోజైతే దీనికి ఏడాదికి సరిపడా ఎగతాళి పడేది. ఫ్రానేకి అది తట్టడానికి కొంచెం టైము పట్టింది.

"ప్యేరో, ఫాదర్ని పిలు" అన్నాడు. "ఈ ముసలాళ్ళకి పెళ్ళి చేసేద్దాం. నా మూల ఖాళీ అవుతుంది."

వింకో నవ్వాడు. నవ్వితే కుట్లు లాగాయి. కడుపు పట్టుకుని నవ్వాడు.

సాయంత్రం గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కాడు. తోంకా గుమ్మంలోనే ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో.

"ఏమన్నారు రీవా మీద?"

"ఏమంటారు? తిట్టారు."

"బాగా తిట్టారా?"

"ఫ్రానే నాకు లోవ్రేతో పెళ్ళి చేస్తానన్నాడు."

తోంకా గుండెల మీద శిలువ గీసుకుంది. తను దాచింది దాగిందనుకుంది. వింకో కూడా అలాగే అనుకోనిచ్చాడు. ఆయన ఆడిన అబద్ధాల్లో ఇంత చిన్నది లేదు. సిస్టర్ బెనదిక్త చెప్పిన ముల్లు మాత్రం ఈసారి ఆయనకే గుచ్చుకుంది.

బల్ల దగ్గర కూర్చుని సూప్ రుచి చూశాడు. ఒక చెంచాకంటే దిగలేదు.

"సముద్రం మొత్తం ఇందులో ఒంపావా? ఇంత ఉప్పా?"

"నోరు మూసుకుని తిను" అంది తోంకా, పొయ్యివైపు తిరిగి.