హెల్మెట్‌లోని ముఖం

చాలా ఏళ్లుగా ఒక ముఖాన్ని దాచిపెట్టాను. బరువంటే చుట్టిన గుడ్డంతే. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను పాత వీడియో గేముల ప్రచార బొమ్మలు సేకరిస్తాను. క్యాసెట్ డబ్బాల అట్టలు, పోస్టర్లు, గేముల షాపుల ముందు వేలాడిన గుడ్డ బ్యానర్లు. చూడటానికి వచ్చినవాళ్లకు అన్నీ చూపిస్తాను. ఒక్కటి తప్ప.

అది నా స్నేహితుడు రవీందర్ వాళ్ల షాపులోది. మేమిద్దరం ఇంటర్ చదివేటప్పుడు వాళ్ల నాన్న హన్మకొండ చౌరస్తా దగ్గర టీవీ గేముల షాపు పెట్టాడు. కార్ల రేసు ఆట పోస్టర్ చూసి, బోర్డులు రాసే సాంబయ్య పెద్ద గుడ్డ మీద అదే బొమ్మ వేశాడు. పోస్టర్‌లో డ్రైవర్ హెల్మెట్‌కు నల్లటి అద్దం ఉంది. "మొఖం లేని బొమ్మను జూసి ఎవడొస్తడు?" అని సాంబయ్య ఆ అద్దం ఎత్తేసి, రవీందర్‌ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"కదలకురా, ముక్కు వంకరొస్తది."

"ఉన్నదే వంకర గదనే. సక్కగ గీస్తే మా అమ్మ గుర్తువట్టది."

ముగ్గురం నవ్వాం.

ఆ వానాకాలంలోనే రవీందర్ జ్వరంతో పోయాడు. షాపు ఖాళీ చేయమని వాళ్ల నాన్న తాళంచెవి నాకిచ్చాడు. పోస్టర్లంటే నాకిష్టమని తెలిసి, కావలసినవి తీసుకోమన్నాడు. నేను మొదట చుట్టింది ఆ గుడ్డనే. స్నేహితుడి గుర్తుగానా? అలా నమ్మాలని చాలాసార్లు ప్రయత్నించాను. కాదు. అలాంటి బొమ్మ ఇంకెక్కడా ఉండదని నాకు తెలుసు. అప్పుడు నాలో ఉన్నది దుఃఖం కాదు, దొరికిందన్న సంతోషం.

దినాలకు ఫోటో కావాలి. కెమెరా అంటే రవీందర్‌కు సిగ్గు. ఇంట్లో ఉన్నది పదో తరగతి హాల్‌టికెట్ మీది చిన్న ఫోటో ఒక్కటే. సగం ముఖం మీద స్టాంపు పడింది. వాళ్లమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. షాపుకు ఎన్నడూ వచ్చిన మనిషి కాదు.

"బిడ్డా, షాపుల మావోని మొఖం గీసిన్రట గదా. జర తెచ్చియ్యరాదు."

"అది చెదలు తిన్నయ్, పెద్దమ్మా."

"మొఖం గూడనా?"

"మొఖమే ముందుగాల తిన్నయ్."

ఆ చివరి మాట ఎందుకన్నాను? తిన్నాయంటే సరిపోయేది కదా.

సాంబయ్య అప్పటికే బతుకుదెరువు కోసం మహారాష్ట్రలోని భివండి వెళ్లిపోయాడు. స్టూడియో అతను స్టాంపు కింది సగాన్ని ఊహించి పెద్ద ఫోటో తయారు చేశాడు. తిన్నని ముక్కు. ఎవరిదో ముఖం. పెద్దమ్మ చాలాసేపు చూసి, "గిట్లనే ఉండెనా?" అంది. అట్లనే ఉండె అన్నాను. దాని మీదే దండ వేశారు.

కొన్నేళ్లకు మా బీరువాకు నిజంగానే చెదలు పట్టాయి. చెక్కను తిన్నాయి, పక్కనున్న పోస్టర్లను పొడి చేశాయి. ఆ గుడ్డ చుట్ట పైనుంచి మట్టి దారి వేసుకుపోయాయి కాని లోపలికి దిగలేదు. విప్పాను. రంగు వెలిసిపోలేదు. రవీందర్ నన్నే చూస్తున్నాడు. సాంబయ్య ఆ చూపును ముందే అలా వేశాడా అని భయపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు నేను సాంబయ్య వెనకే నిలబడ్డాను. రవీందర్ అప్పుడు నిజంగా నన్నే చూస్తున్నాడు.

పోయిన నెల చెప్పేద్దామనే వెళ్లాను. పెద్దమ్మకు చూపు బాగానే ఉంది. గుడ్డను మంచం మీద పరిచాను.

"మంచిగున్నది బిడ్డా. మావోంది గూడ గిసొంటిదే ఉండెనట, చెదలు తిన్నయంటివి." ఇంకొంచెం వంగి చూసింది. "ఎవలీ పిలగాడు? ముక్కు జర వంకరున్నది. మావోనిది కోటేరు ముక్కు." గోడ మీది ఫోటో వైపు చెయ్యి చూపించింది.

గుడ్డ చుట్టుకుని వచ్చేశాను. చెబితే, ఇన్నేళ్లుగా రోజూ చూసుకుంటూ ఆమెకు మిగిలిన ఆ ఫోటో ముఖం కూడా పోతుందనుకున్నాను. అది జాలో, పిరికితనమో తెలియదు. రవీందర్ వాళ్ల నాన్న ఇప్పుడు లేడు. సాంబయ్య ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో. రవీందర్ అసలు ముఖం తెలిసినవాణ్ణి నేనే మిగిలాను. ఈమధ్య నా కలలోకి వచ్చేవాడికి కూడా ముక్కు తిన్నగానే ఉంటోంది.

అందుకే రాస్తున్నాను. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. చెదలు తినలేదు. బొమ్మ నా దగ్గరే ఉంది. రవీందర్ ముక్కు కొంచెం వంకర.