హాల్టు కిటికీలో అప్పలస్వామి గారు

మొన్న బుధవారం ఉదయం అప్పలస్వామి గారు గుండె ఆగి కన్నుమూశారు. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, ఇక మా ఊళ్ళో బండి ఆగుతుందా అన్న భయం.

ఆమదాలవలసకు, విజయనగరానికి నడుమ ఉన్న మా హాల్టులో రైల్వే ఉద్యోగులెవరూ ఉండరు. ఆయనే పెద్ద స్టేషనుకు వెళ్ళి టిక్కెట్ల కట్ట తెచ్చుకుని, స్వల్ప కమీషను మీద అమ్మేవారు. తనిఖీ లేనిచోట టిక్కెట్టు కొనేదెవరు? చేపలమ్మే గౌరమ్మ ఓసారి బుట్ట నెత్తిన ఉండగానే వాదనకు దిగింది.

“టిక్కెట్టేటి బావా? సూసేవోడేడీ?”

“సూసేవోడు లేడు గాబట్టే సెప్తన్నాను. కాగితమ్మీద మనూరు ఖాళీగా కనబడితే బండి ఆపడం మానేస్తారే!”

“మనమున్నామని సెప్పడానికి నా సేపల వాసన ఢిల్లీదాకా ఎల్లదేటి?”

“ఎల్లిననాడు నీకు టిక్కెట్టక్కర్నేదు. ఇప్పుడు మాత్రం తియ్యి!”

ప్లాట్‌ఫారమంతా నవ్వింది. గౌరమ్మ టిక్కెట్టు కొనుక్కుంది.

నేను విజయనగరంలో బట్టల కొట్లో పనిచేస్తూ, గ్రంథాలయంలో సొంతంగా చదువుకున్నవాణ్ణి. రోజువారీ జనం ఎక్కే రైళ్ళు చాలా దేశాల్లో టిక్కెట్ల రాబడితోనే నడవవనీ, లోటును ప్రభుత్వం భరిస్తుందనీ చదివి, ఆయనకు గర్వంగా చెప్పాను.

“ఆ మాట టిక్కెట్టు మీదే అచ్చేసేవోరు కదరా,” అన్నారాయన. “సర్కారు దాని పాలు పెడతన్నాది. మన పాలు మనం ఎగ్గొడితే, రేపు ఆళ్ళెందుకెడతారు?” తర్వాత గొంతు తగ్గించి, “ఒరే, తీసేసిన బళ్ళు మళ్ళీ వచ్చినట్టు నీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉన్నాదేటి?” అని అడిగారు.

నేను చదివినంతలో అది అరుదు. ఇంకా వెతికి చెప్తానన్నాను.

మహమ్మారి రోజుల్లో ప్యాసింజరు ఆగిపోయింది. గూడ్సు బళ్ళు మాత్రం మమ్మల్ని దాటుకుంటూ పోయేవి. అయినా ఆయన రోజూ బండి వేళకు వచ్చి, ప్లాట్‌ఫారం మీద గడ్డి పీకి, టిక్కెట్ల కిటికీ తెరిచి కూర్చునేవారు. “అలవాటు తప్పితే మనుషులే బండిని మరిసిపోతారు,” అనేవారు. చివరికి బండి మళ్ళీ వచ్చింది.

నిన్న ప్యాసింజరు మామూలుగానే ఆగింది. కిటికీ మూసి ఉంది. గౌరమ్మ గుప్పిట్లో డబ్బులు పట్టుకుని, “ఎవులికివ్వాల?” అని అందరినీ అడిగింది. ఫోనులో కొనడం తెలిసిన నలుగురం కొనుక్కున్నాం. మిగతావారంతా టిక్కెట్టు లేకుండానే ఎక్కారు.

ఆ పని చేపట్టడానికి ఇంతవరకూ ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. కొట్టు ఉద్యోగం పోతుందని నేనూ రాలేదు. అప్పలస్వామి గారి పాదాలకు నమస్కరిస్తూ ఇది రాస్తున్నాను. ఆ నమస్కారం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటానేమోనని భయపడుతున్నాను.