ఎలుకలమ్మ చేతికి తగిలిన గడ్డ

మా తోడికోడల్ని ఇంటిల్లిపాదీ ఎలుకలమ్మ అంటాం. పిల్లిని చూస్తే జడుసుకునే మనిషి, పరిశోధనశాలలో ఎలుకల గదిని ఏలుతోంది. ఏదైనా రసాయనం ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ తెస్తుందేమో చూడాలంటే, ముందు దాన్ని ఆడ ఎలుకల మేతలో కలిపి పెడతారు. కొన్ని పెట్టెల్లోని ఎలుకలకి కలుపుతారు, కొన్నిటికి కలపరు. ఏవి ఏవో ఈమెకి చెప్పరు. తెలిస్తే చెయ్యి పక్షపాతం చూపిస్తుందట. వారానికోసారి ఒక్కోదాన్నీ ఎత్తి, మెడ నుంచి తొడ దాకా తడిమి, గడ్డ తగిలితే చెప్పాలి, పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు. ఎలుకకి రొమ్ము ఆ పొడుగునా పరుచుకుని ఉంటుందట. నేను మూడో తరగతితో ఆపినదాన్నే అయినా ఇదంతా ఒక్కసారి వినగానే పట్టేశాను.

ఈమధ్య మనిషి వాడిపోయింది. కుడిచెయ్యి పైకెత్తడం మానేసింది. ఒక పొద్దున పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా పట్టకుండా చంక కింద తడుముకుంటోంది. పొయ్యి కట్టేసి నిలదీశాను.

"గడ్డ, అక్కా. ఎలుకకి అక్కడొస్తే రొమ్ముగడ్డ కిందే లెక్క," అంది.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదంటే, గదిలో ఎలుకలకి గడ్డలు పెరుగుతున్నాయట, మేతలోంచి లేచిన పొడి తానూ పీల్చిందట, ఇంక చూపించుకునేదేముందట. తీర్పూ తనదే, శిక్షా తనదే.

"నీకు తోకెప్పుడు మొలిచిందే?" అన్నాను. నవ్వలేదు.

ఆ రోజు పనికి తన వెంట నేనూ పోయాను. గేటు దగ్గరే ఆపారు. అక్కడే కూర్చుని, వాళ్ళ పైఅధికారిణి బయటికి వచ్చేదాకా కదల్లేదు. ఆవిడ మంచిది, నిలబడి అంతా విన్నది. ఆ జాతి ఎలుకలకి వయసు మళ్ళాక మేతలో రసాయనం కలపకపోయినా గడ్డలొస్తాయని చెప్పింది. కలిపిన పెట్టెల్లో ఎక్కువొచ్చాయా లేదా అన్నది చివర్లో లెక్క విప్పితేగాని తెలియదట. ఎక్కువే అని తేలినా, మనుషులకెంత ముప్పో చెప్పడానికి ఇంకా ఎన్నో చూడాలట. ఎలుకలమ్మనీ గేటు దగ్గరికి పిలిపించింది.

"ఆ రసాయనం మంచిదని నేననడం లేదు, ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సిందే. కానీ నీ గడ్డేమిటో ఎలుక చెప్పదమ్మా. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు," అంది.

వెళ్ళాం. ఫొటో తీశారు, సూదితో ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో నేను ఎవర్నీ తిట్టలేదు. అది చూసే అందరికీ ఎక్కువ భయం వేసిందట.

"వట్టి కొవ్వు గడ్డ. రొమ్ములో ఏమీ లేదు," అంది డాక్టరమ్మ.

ఎలుకలమ్మ అలవాటు కొద్దీ, "రాసుకున్నారా?" అని ఆవిడనే అడిగింది. నవ్వుతూ ఆవిడ కాగితం తిప్పి చూపించింది.

బస్సెక్కి కూర్చోగానే నా భుజం మీద వాలి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో. మేం దిగాల్సిన చోటు వచ్చింది. కండక్టరు పిలిస్తే, ఇంకా ముందుకి పోతామని చెప్పాను.