మా తోడల్లుడి నడకలు

మా తోడల్లుడికి సొంత నడక లేదు. ఎవరిని చూస్తే వాళ్లలా నడుస్తాడు. పోస్ట్‌మాన్ ఎదురైతే, సంచీ లేకపోయినా దాని బరువుకన్నట్టు ఈయన భుజం ఒరిగిపోతుంది. నిండు గర్భిణి దాటి వెళ్తే ఈయన నడుం మీద చెయ్యి వేసుకుంటాడు. వాళ్లావిడ, మా వదిన, ఆయనతో బజారుకు వెళ్లడం ఎప్పుడో మానేసింది.

మేం ఒకే ఇంటి అల్లుళ్లమే కాదు, పనిచేసేదీ ఒకే చోట. ఎదురుగా ఎవరున్నారో పసిగట్టి కారుకు చెప్పే రాడార్లకు యాంటెన్నాలు చేస్తాం. అవి గోరంత పింగాణీ పలకలు. వాటి మీద లోహపు గీతలు ఎలా ఉండాలో అన్నయ్య (తోడల్లుణ్ణి నేను అలాగే పిలుస్తాను) లెక్కకడతాడు, నేను బట్టీలో కాలుస్తాను. కాలిస్తే పలక ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం ముందే అంచనా వెయ్యకపోతే రాడార్ చూపు పక్కకు పోతుంది.

పరీక్షల మైదానంలో కారు ముందు బొమ్మను నడిపిస్తే చాలు. అన్నయ్యకు చాలదు. తనే దిగి గొడుగుతో ఒకసారి, మూటతో ఒకసారి, తూలుతూ ఒకసారి నడుస్తాడు. ఆఫీసులో అంతా కిటికీల దగ్గర చేరి నవ్వుకునేవాళ్లు.

చిక్కు ఇంట్లో వచ్చింది. మా అత్తగారు ఆయన దగ్గరే ఉండేది. ఓ సాయంత్రం ఆమె వెనకే, నడుం వంచి, కాళ్లు ఈడుస్తూ హాలంతా తిరుగుతూ దొరికిపోయాడు.

"ముసలిదాన్ని వెక్కిరిస్తున్నావా నాయనా?" అని ఒక్క మాటే అంది. మర్నాడు సంచీ సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. వదిన ఎంత నిలదీసినా, పని అయ్యాక చెప్తానని తప్ప ఆయన నోరు విప్పలేదు.

ఆ వారమే కొత్త యాంటెన్నా అన్ని పరీక్షలూ నెగ్గింది. సంతకం పెట్టమంటే అన్నయ్య పెట్టనన్నాడు.

"దీనికి మా అత్తగారు కనబడట్లేదు సార్," అన్నాడు.

మేనేజర్ తెల్లబోయాడు. అన్నయ్య ఆయన్ని మైదానానికి తీసుకెళ్లి, ఆగి ఉన్న లారీ పక్కనుంచి అత్తగారిలా నడిచి చూపించాడు. రాడార్ తెర మీద లారీ ఒక్కటే వెలిగింది. అంత ఇనుము పక్కన, అంత నత్తనడక మనిషి దానిలో కలిసిపోయింది. మేనేజర్ నవ్వలేదు. గడువు పెంచాడు.

చూపు ఇంకా సన్నగా సాగేలా గీతలు మార్చాం. పలక బట్టీలో వంకరపోయింది. మళ్లీ చేశాం, పగిలింది. చివరికి ఒకటి నిలిచిన రోజున అత్తగారిని బతిమాలి మైదానానికి తీసుకెళ్లాను. లారీ పక్కన అల్లుడు మళ్లీ అచ్చం ఆమెలాగే నడుస్తుంటే ఆమె మొహం ముడుచుకుంది. తెర మీద లారీ పక్కన విడిగా వెలుగుతున్న చుక్కను చూపించి, ఇకమీదట లారీ చాటునుంచి మీరొచ్చినా కారు కనిపెట్టి ఆగుతుందమ్మా అని మేనేజర్ వివరించాడు.

ఆమె చాలాసేపు ఆ చుక్కను చూసింది. తర్వాత తనే మైదానంలోకి దిగింది.

"తప్పు నడుస్తున్నావు నాయనా. నేను ఈడ్చేది కుడికాలు. నా వెనక రా, చూపిస్తాను."

ఆమె ముందు, అల్లుడు వెనక. తెర మీద లారీ పక్కన రెండు చుక్కలు నెమ్మదిగా కదిలాయి. ఇందులో మీ అత్తగారు ఏ చుక్కండీ అని మేనేజర్ నన్ను అడిగాడు. నేనూ చెప్పలేకపోయాను.