కంప్యూటర్ లెక్క పనిచేసే ఫోను

2024 ఎండాకాలం. గద్వాలలో నా సెల్‌ఫోన్ల దుకాణానికి అప్పటికి పదిహేనేళ్లు. ముందు అమ్మకం, వెనక రిపేరు, మధ్యలో ఒక కౌంటర్. ఇన్నేళ్లలో కోపం వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి గానీ, నాగమణి ఫోను సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నాగమణి నేతగాళ్ల ఇంటి మనిషి. భర్త మగ్గం నేస్తాడు, ఆమె చీరల అంచులకు గ్రాఫులు గీస్తుంది. గ్రాఫు అంటే గళ్ల కాగితం మీద వేసిన డిజైను. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ కాగితాన్ని ఊళ్లోని డిజైన్ సెంటర్‌కు ఇస్తే అక్కడాయన కంప్యూటర్‌లో ఎక్కించి ఫైలు చేస్తాడు. ఆ ఫైలును బట్టే అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. చిక్కల్లా ఏమిటంటే, ఫైలు ఎవరు చేస్తే డిజైను వాళ్ల పేరు మీద చెలామణి అవుతుంది. నాగమణి గీసిన అంచులు అలా ఎన్నో పరుల పేర్లతో మగ్గాలెక్కాయి.

ఆ వేసవిలో ఆమె ఒక కొత్త అంచు గీసింది. చీరలు నేయించే సేటుకు అది బాగా నచ్చింది. ఒక నకలు తన దగ్గర ఉంచుకుని, "ఫైలు నువ్వే చేసి సోమవారం దాకా తెస్తే నీ పేరు మీదనే నేపిస్త. తేకుంటె ఈ కాగితం సెంటర్‌కు ఇస్త" అన్నాడట. ఫైలు చేసే పని ఆమె ఒక శిక్షణలో నేర్చుకుంది. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే లేదు. ఫోనులోనే చేయవచ్చని, ఫోనును టీవీకి తగిలించి మౌసు పెట్టుకుంటే పెద్ద తెర మీద పని నడుస్తుందని ఆ శిక్షణలోనే చూపించారు.

ఆమె బుధవారం వనపర్తి వెళ్లి ఒక పెద్ద షోరూమ్‌లో ఒకే మాట అడిగింది. "కంప్యూటర్ లెక్క పనిచేసే ఫోను కావాలె."

మా గద్వాల నేతగాళ్ల వాడల్లో కంప్యూటర్ అంటే గ్రాఫు ఎక్కించేదే. వేరే అర్థం లేదు. షోరూమ్‌లో మాత్రం ఆ మాటకు అర్థం ఎక్కువ జీబీలు. అక్కడి సేల్స్‌మన్ ఆమెకు పదహారు జీబీ ర్యామ్ అని ఒక ఫోను చూపించాడు. ర్యామ్ అంటే ఒకేసారి ఎన్ని పనులు ముందేసుకోగలదో చెప్పే లెక్క. ఆ పదహారులో అసలు ఎనిమిదే. మిగతా ఎనిమిది ఫోటోలు దాచుకునే స్టోరేజ్‌లోంచి తెచ్చి ర్యామ్ అని చూపించేది. ఆ ముచ్చట ఆమెకు ఎవరూ చెప్పలేదు. టీవీకి తగులుతుందా అని కూడా ఆమె అడిగింది పాపం. "టైప్-సి ఉంది కదా మేడమ్, దేనికైనా తగులుతుంది" అన్నాడట. అతను అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకుని ఉండడు. తెలియని సంగతిని అంత ధీమాగా చెప్పడమే నాకు ఇంకా ఎక్కువ మంటగా ఉంది.

గురువారం ఆమె నా దుకాణానికి కేబుల్ కోసం వచ్చింది. ఫోను టీవీకి కలిపే కేబుల్ ఒకటి ఇచ్చి పంపాను. శుక్రవారం మళ్లీ వచ్చింది.

"అన్నా, టీవీల ఏం వస్తలేదు. సిగ్నల్ లేదు అంటుంది."

"కేబుల్ ఖరాబ్ ఉన్నదేమో తియ్యి, ఇంకోటి తీస్కపో."

శనివారం పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. రెండు కేబుళ్లూ, ఫోనూ ఒక సంచిలో పెట్టుకుని వచ్చింది. అప్పుడు గానీ నేను ఆ ఫోను చేతిలోకి తీసుకుని మోడల్ నంబర్ వెతకలేదు. వెతికితే రెండు నిమిషాల్లో తేలిపోయింది. టైప్-సి అనేది ఆ రంధ్రం ఆకారానికి పేరు, అంతే. అందులోంచి బొమ్మ బయటికి పోతుందా లేదా అన్నది లోపలి అమరికను బట్టి ఉంటుంది. దాన్ని వీడియో అవుట్ అంటారు. ఆ ఫోనుకు అది లేదు. ఏ కేబుల్ పెట్టినా రాదు. వైరు లేకుండా బొమ్మ పంపే పద్ధతి ఒకటి ఉంది గానీ, ఆమె పాత టీవీకి ఆ సదుపాయం లేదు.

విషయం చెబితే ఆమె నమ్మలేదు. నా ఫోను తీసుకుని తన ఫోను పక్కన పెట్టి రెండు రంధ్రాలనూ చాలాసేపు చూసింది.

"రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి గద అన్నా."

"బయటికి ఒక్క తీరే అమ్మా. లోపల వేరు."

"మా చీర కొనేటోళ్లు ముందుగాల ఎనకకు తిప్పి చూస్తరు. అంచును చీరకు కలిపిన కుట్టు సరిగ ఉన్నదా లేదా ఆడ్నే తెలుస్తది. గీ ఫోన్‌ను ఏడ తిప్పి చూడాలె?"

ఫోను వెనక్కి తిప్పితే మెరిసే అద్దం, కెమెరాల గుత్తి తప్ప ఏం కనిపిస్తుంది? డబ్బా మీద కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో వేలెడంత అక్షరాలతో రాస్తారు. వీడియో అవుట్ లేదన్న మాట ఎక్కడా రాయరు. ఎందుకు రాయరని ఏ కంపెనీనీ అడిగేవాడు లేడు.

దుకాణం మూసేసి ఆమెను వెంటబెట్టుకుని వనపర్తి బస్సెక్కాను. షోరూమ్‌లో ఆ సేల్స్‌మన్ ఆమెను గుర్తుపట్టి నవ్వాడు. సంగతి విని, "మేడమ్‌కు సెట్టింగ్స్ తెల్వక అయ్యుంటది సార్" అన్నాడు. గళ్ల కాగితం మీద వేల గడులు తప్పు లేకుండా నింపే మనిషికి సెట్టింగ్స్ తెలియవట. అక్కడ గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా టీవీలే ఉన్నాయి.

"మంచిది తమ్మీ. నువ్వే సెట్టింగ్ చెయ్యి. నీకు నచ్చిన టీవీకి తగిలియ్యి" అన్నాను.

తగిలించాడు. ఇంకో టీవీకి మార్చాడు. చివరికి మేనేజర్‌ను పిలిచాడు. మేనేజర్ అద్దాలు సవరించుకుని, "టీవీకి కనెక్ట్ అయితదని బిల్లు మీద ఏడన్న రాసి ఉన్నదా?" అన్నాడు. సీలు విప్పిన డబ్బాను వాపసు తీసుకోరట. నేను గొంతు పెంచాను. నాగమణి మాత్రం ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"నేను అడిగింది ఒక్కటే గద సారు. గదొక్కటి తప్ప అన్నీ ఇచ్చిండ్రు" అంది.

మేనేజర్ బిల్లు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఫోను మాత్రం తీసుకోలేదు.

నాగర్‌కర్నూల్‌లో నాకొక రిపేరు స్నేహితుడు ఉన్నాడు. పెద్ద రకం ఫోన్లు అతని దగ్గరికే వస్తాయి. ఆదివారం అతని దగ్గరికి వెళ్లి, వెనక అద్దం పగిలిన మూడేళ్ల పాత ఫోను ఒకటి తెచ్చాను. ఈసారి ముందుగా నా దుకాణంలోని టీవీకి, ఆమె ఎదుటే కేబుల్ పెట్టి చూశాను. తగిలించగానే టీవీ తెర మీద కంప్యూటర్‌లో లాగే వరుసగా బొమ్మలు, కిటికీలు, మౌసు బాణం కనిపించాయి. దీన్ని డెస్క్‌టాప్ మోడ్ అంటారు. ర్యామ్ ఎనిమిదే. కొత్త ఫోనుకు బదులుగా దాన్ని ఆమెకు ఇచ్చేశాను. ఆమె గళ్ల కాగితం ఫోటోను తెర మీద తెరిచి, తన అంచు మొత్తాన్ని ఒకేసారి చూస్తూ అక్కడే నిలబడి, మౌసుతో ఒక్క గడికి రంగు వేసింది. తర్వాత ఇంటికి పట్టుకుపోయి పని మొదలుపెట్టింది.

అంత పెద్ద అంచు ఎక్కించడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. బుధవారం ఫైలు తీసుకుని సేటు దగ్గరికి వెళ్లేసరికి, సేటు సోమవారం సాయంత్రమే కాగితం సెంటర్‌కు ఇచ్చేశాడు, అక్కడాయన మంగళవారానికే ఫైలు చేసిచ్చాడు. మగ్గానికి అట్టలు కూడా ఎక్కాయి.

అప్పటి నుంచి నా దుకాణంలో ఎవరైనా కంప్యూటర్ లాంటి ఫోను అడిగితే, ఎన్ని జీబీ అని చెప్పను. ఏం పని చేస్తారని అడుగుతాను. ఆ పని వాళ్లతోనే నా కౌంటర్ మీద, నా టీవీలో చేయించి చూస్తాను. కాకపోతే అమ్మను. బేరం పోతే పోనీ. ఏ పనికి కొంటున్నారో అడగకుండా ఫోను చేతిలో పెట్టేవాళ్లు ఎంత పెద్ద షోరూమ్ వాళ్లయినా దగాకోరులేనని నా గట్టి అభిప్రాయం. ఆ సేల్స్‌మన్ మీద, ఆ మేనేజర్ మీద నా కోపం ఇంకా అలాగే ఉంది.

కానీ లెక్క చూసుకుంటే ఆ కోపం వాళ్ల ఒక్కళ్ల మీదే నిలవడం లేదు. నాగమణి రెండు రోజులు ఆలస్యమైంది. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఫోను మోడల్ ఏదని ఒక్క మాట అడగకుండా ఆ రెండు రోజులూ ఆమెకు కేబుళ్లు అమ్మింది నేనే.