వెనక వరసలో మావయ్య

ఆ రోజు నేను చేసిన తప్పును ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మా చెల్లి పెళ్లి ప్రధానానికి వచ్చిన మా మావయ్యను మబ్బులాగా ఫోటో తీశాను. చెప్పడానికి ఇంతే. దాని తర్వాత జరిగింది మాత్రం ఒక్క వాక్యంలో ఇమడదు.

ఆ రోజుల్లో మనిషిని ఉంచి వెనకున్నదంతా మసక చేసే విద్య ఫోన్లకు ఇంకా అబ్బలేదు. అది పెద్ద కెమెరాలకే చెల్లేది. పెద్ద కెమెరా అంటే పెళ్లిళ్లలో స్టూడియో ఆయన మెడలో వేలాడే నల్లటి బరువు. నేను అప్పుడే అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. పాఠాల సంగతి ఎలా ఉన్నా, నాలో ఒక కళాకారుడు ఉన్నాడని గట్టిగా నమ్మేవాణ్ణి. అతను బయటికి రాకపోవడానికి కెమెరా లేకపోవడమే కారణమని కూడా నమ్మేవాణ్ణి. అందుకని రోజూ స్టాఫ్ రూములో కూర్చుని ఆన్‌లైన్లో కెమెరాలు చూసి చూసి, చివరికి ఉన్నవాటిలో అన్నిటికన్నా చవకైన డిజిటల్ ఎస్సెల్లార్ దగ్గర ఆగాను. కొత్తగా నేర్చుకునేవారికి అని దాని కింద రాసి ఉంది. ఆ మాట నా గురించి కాదనుకున్నాను (ధర మాత్రం నా గురించే). కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివాను. ఒకాయన తన జీవితమే మారిపోయిందన్నాడు. ఇంకొకాయన డబ్బా చాలా బాగుంది, ఇంకా తెరవలేదు అని రాసి నక్షత్రాలన్నీ ఇచ్చేశాడు. ఇద్దరినీ సమానంగా నమ్మి, దాంతోపాటు వెనకున్నదాన్ని వెన్నలా కరిగించే చిన్న లెన్సు ఒకటి కూడా కలిపి బటన్ నొక్కాను.

నొక్కిన తర్వాత తెలిసింది, మా ఊరు వాళ్ల లెక్కలో లేదని. పార్సిలు తెచ్చినాయన ఫోన్ చేసి, ఏమీ అనుకోవద్దండి, మీ ఊరు మాకు చూపించట్లేదండి, రావులపాలెం వచ్చి తీసుకెళ్తారా అండి అన్నాడు. అంత మర్యాదగా అడిగితే కాదనడం మా వల్ల అవుతుందా? బస్సెక్కి వెళ్లి, అరటి గెలల వాసన మధ్య డబ్బాను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆన్‌లైన్లో ఏం కొన్నా లోపల ఇటుకే వస్తుందని మా నాన్నకు గట్టి అభిప్రాయం. ఆయన డబ్బాను ఊపి చూసి, "ఇటికే," అన్నారు. తెరిస్తే కెమెరా ఉంది. ఆయన కాస్త నిరాశపడ్డారు. అమ్మ మాత్రం కొత్త బండికి చేయించినట్టే దానికీ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించింది. ఆయన కెమెరా మీద చెయ్యి పెట్టి, దొంగల నుంచి, వాన నుంచి, కరెంటు షాకు నుంచి దాన్ని కాపాడమని దేవుణ్ణి అడిగారు. పట్టుకున్నవాడి నుంచి కాపాడమని అడగడం ఆయనకూ తట్టలేదు.

ఆ లెన్సుకు ఒక సంఖ్య ఉంటుంది. అది ఎంత తగ్గిస్తే వెనకున్నది అంత మసకవుతుంది. నేను అడుగంటా తగ్గించి, మళ్లీ పెంచలేదు. మందార పువ్వు తీశాను, వెనక పెరడు మాయం. కోడిని తీశాను, వెనక కోడిపిల్లలు మాయం. నాన్నను గుమ్మంలో నిలబెట్టి తీస్తే ఆయన ఫోటో వంక చాలాసేపు చూసి, "ఇంటికి రంగులేయించింది మొన్నేగదరా. ఇల్లేదీ?" అన్నారు. కళ తెలియని ఇంట్లో పుట్టాననుకుని నిట్టూర్చాను. అదే ఊపులో, చెల్లి ప్రధానానికి స్టూడియో వాళ్లను పిలవద్దని, నేనున్నానని చెప్పేశాను.

ఇక్కడ మావయ్య గురించి చెప్పాలి. అమ్మకు ఒక్కడే అన్నయ్య, ఊరు రాజోలు దగ్గర. మా ఇంటి గృహప్రతిష్ఠ రోజున ఎవరో ఆయనకు ఫ్యాను గాలి తగలని కుర్చీ వేశారు. వేసినవాళ్లు కావాలని వేయలేదు గానీ, ఆయన మాత్రం కావాలనే లేచి వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు. అమ్మ ఎన్నిసార్లు వెళ్లి ఏడ్చిందో, చెల్లి పేరు చెప్పి ఎలా బతిమాలిందో, మొత్తానికి ప్రధానానికి వస్తానన్నారు. ఆ ఉదయం అమ్మ నా చొక్కా పట్టుకుని ఒకే ఒక మాట చెప్పింది. "కేకు తియ్యకపోయినా ఫర్వాలేదురా. అన్నయ్యని మాత్రం బాగా తియ్యి." సరే అన్నాను. ఆ సరే అనేటప్పుడు నేను లెన్సు తుడుచుకుంటున్నాను.

ప్రధానం బాగా జరిగింది. మావయ్య ఇస్త్రీ మడత నలగని తెల్ల బట్టల్లో వచ్చి, చెల్లికీ పెళ్లికొడుక్కీ సరిగ్గా వెనక వరసలో, పక్కన అత్తయ్యతో కూర్చున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, పడుకుని, కుర్చీ ఎక్కి తీశాను. పాస్టరుగారు కాసేపు ప్రార్థన ఆపి నేను దిగేదాకా ఆగారు. ఉంగరాలు మార్చుకున్నప్పుడు, కేకు కోసినప్పుడు, అందరూ కలిసి నిలబడినప్పుడు నాకు కనిపించినవి రెండు మొహాలే. మిగతా లోకమంతా నాకు వెన్న.

తర్వాతి ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మావయ్యతో సహా బంధువులందరినీ కూర్చోబెట్టి టీవీలో ఫోటోలు వేశాను. మొదటి ఫోటోలో చెల్లి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వెనక ఏదో తెల్లటి మబ్బు. రెండోదాంట్లో పెళ్లికొడుకు వాళ్ల బాబాయి నోట్లో పెట్టుకుంటున్న లడ్డూలో జీడిపప్పు కూడా కనిపిస్తోంది. మబ్బు అక్కడే ఉంది. ఒక ఫోటోలో మాత్రం కెమెరా ఎందుకో దూరంగా చూసింది. అందులో మావయ్య వెనకున్న స్టాండు ఫ్యాను రెక్క రెక్కా స్పష్టంగా వచ్చింది. మావయ్య రాలేదు. అమ్మ నా వంక చూడలేదు, టీవీ వంకా చూడలేదు.

మావయ్య లేచి కండువా సర్దుకుని, "చాలా బాగున్నాయండి అల్లుడుగారూ," అన్నారు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఏరా అనే మనిషి. మా వైపు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుందని ఈ పాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. టీ తాగమంటే, "ఆయ్, మరోసారండి," అని వెళ్లిపోయారు. మర్నాడు అమ్మ ఫోన్ చేస్తే, "పెళ్లికి నేనెందుకండి చెల్లెమ్మగారూ? ఆ మబ్బుని పంపిస్తానండి, కూర్చోబెట్టండి," అన్నారట. అమ్మ ఫోన్ పెట్టేసి చింతపండు పిక్కలు తీయడం మొదలుపెట్టింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు రెండో తప్పు చేశాను. కెమెరాలోనే లోపం ఉందమ్మా అన్నాను. నోటికొచ్చిన మాట ఇంటికి ప్రాణం పోసింది. నాన్న, "నే చెప్పలా? ఇటికొచ్చినా ఇంతకంటే నయం," అని వెలిగిపోయారు. వాపసుకు ఇంకా గడువుందని చెల్లి కంపెనీకి ఫిర్యాదు పెట్టేసింది. అమ్మ నన్ను లాక్కుని బండి మీద మావయ్య ఇంటికి బయల్దేరింది. సంగతి విని ఆయన మొహం వెంటనే విచ్చుకుంది. "కంపెనీ వాళ్లు మోసం చేస్తే నువ్వేం చేస్తావురా, ఎర్రిమొహమా," అన్నారు. ఆ ఏరా వినగానే అమ్మ కళ్లు తుడుచుకుంది. అత్తయ్య పకోడీలు వేసింది. నేను అబద్ధంతోపాటు వాటినీ మింగుతుండగా ఫోన్ మోగింది. కంపెనీ తరఫున ఒకమ్మాయి.

నేను లేచి బయటికి వెళ్లబోతే, మావయ్య, "ఇలాగియ్యి, పెద్దవాళ్లు మాట్లాడితే ఆ లెక్క వేరు," అని తీసుకుని అందరికీ వినపడేలా స్పీకరు పెట్టారు.

"నమస్కారమండి. మీ కెమెరా నన్ను మసగ్గా తీసిందండి. నా పక్కనున్న మా ఆవిడ్ని కూడానండి. ముందు కూర్చున్నోళ్లని మాత్రం శుభ్రంగా తీసింది. ఇలా మనుషుల్లో తేడాలు చూపించడం న్యాయమేనంటారా?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకున్నట్టుంది. "సర్, ఫోటో తీసినవారు ఉన్నారా?"

"పక్కనే ఉన్నారండి. వింటున్నారు, అడగండి."

లెన్సు మీద సంఖ్య ఎంత పెట్టారని అడిగింది. చెప్పక తప్పలేదు. చెప్పాను.

"అంత తగ్గిస్తే వెనకవాళ్లు అలాగే వస్తారు సర్. అది లోపం కాదు. సంఖ్య పెంచి, కొంచెం దూరంగా జరిగి తీస్తే అందరూ వస్తారు. తీసినవారు ముందున్నవాళ్లే చాలనుకున్నారేమో సర్."

మావయ్య ఆ అమ్మాయికి, వాళ్ల కంపెనీకి, కంపెనీ యజమాని కుటుంబానికి మేలు జరగాలని దీవించి ఫోన్ నా చేతికిచ్చారు. "కెమెరా మంచిదేనంటండి అల్లుడుగారూ," అన్నారు. మంచిది కానిది ఇంకేమిటో ఆయన చెప్పలేదు.

పకోడీ గొంతులోనే ఉంది. దాంతోనే మొదలుపెట్టాను. లోపం సంగతి అబద్ధమని, అమ్మకు కూడా తెలియదని చెప్పాను. "మిమ్మల్ని మబ్బు చెయ్యాలని చెయ్యలేదు మావయ్యా. అసలు మిమ్మల్ని చూడనేలేదు. ఆ రోజంతా నేను నా కెమెరానే చూసుకున్నాను." అన్నాక తెలిసింది, ఈ నిజం అబద్ధం కంటే ఘోరంగా ఉందని. కావాలని చేస్తే కనీసం మనిషిని లెక్కలో పెట్టినట్టు.

అత్తయ్య మెల్లిగా అంది. "ఆ పట్టుచీర బండార్లంకలో నెల ముందే చెప్పి నేయించుకున్నది బాబూ. ఫోటోలో నేనెక్కడున్నానో నాకే తెలీలేదు."

"అన్నయ్యా," అంది అమ్మ. "వాణ్ణి ఏమైనా చెయ్యి. పెళ్లికి మాత్రం రా."

మావయ్య తన కుర్చీని నా ఎదురుగా లాక్కున్నారు. తర్వాత నాతో, "ఆ వేళ వెనక వరసలో ఎవరెవరు కూర్చున్నారో తెలుసా?" అని అడిగారు. నాకు తెలియదు. ఆయనకు అందరూ తెలుసు. "వచ్చే ఆదివారం అందర్నీ ఇక్కడికి పిలుస్తాను. ఆ బట్టల్లోనే రమ్మంటాను. నువ్వు వచ్చి తియ్యి. పెళ్లి సంగతి ఆ తర్వాత."

ఆదివారం వెళ్లేసరికి మావయ్య పెరట్లో, పొలాలకు నీళ్లు పారే బోదె పక్కన, కుర్చీలు వేసి ఉన్నాయి. వెనక వరసంతా వచ్చింది. పిన్నిలు, బాబాయిలు, పాస్టరమ్మగారు, అందరూ ప్రధానం నాటి బట్టల్లో ఎండలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. మావయ్య నన్ను చూపించి, "మా మేనల్లుడండి. తప్పు చేసేడు, దిద్దుకోడానికొచ్చేడు," అని ఒక్కొక్కరికీ విడివిడిగా పరిచయం చేశారు (నేను వాళ్లందరికీ పుట్టినప్పటినుంచీ తెలుసు). నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి క్షమాపణ అడిగాను. "ఫర్వాలేదండి, ఆయ్," అన్నారందరూ. అంత మర్యాద విని మళ్లీ మొదటి కుర్చీ నుంచి అడిగాను.

సంఖ్య పెంచాను. ఇప్పుడు మనుషులే కాదు, మావయ్య ఇంటి గేటు, దాని మీద పేరు, గడ్డిమేటు, గేదె, అన్నీ రావాలన్నారు. వెనక్కి జరిగాను.

"ఇంకా," అన్నారు మావయ్య.

జరిగాను.

"గేదె తోక రాదురా అక్కణ్నుంచి. ఇంకా."

ఇంకా జరిగాను. కింద నేల లేదు. బోదెలో నీళ్లు మోకాళ్ల దాకా, బురద అంతకు పైదాకా. రెండు చేతులూ కెమెరాను మాత్రం పైకెత్తి పట్టుకున్నాయి, అదేం అలవాటో. వేలు ఎప్పుడు నొక్కిందో నాకు తెలియదు.

మావయ్య పెళ్లికి ముందురోజే వచ్చేశారు. స్టూడియో వాళ్లను నేనే పిలిచి, నేను వడ్డనలో నిలబడ్డాను. బోదె ఒడ్డు ఫోటోను ప్రింటు వేయించి, ఆ వరసలో కూర్చున్న ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లి ఇచ్చాను. నా దగ్గరా ఒకటుంది. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. గేదె తోకతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అత్తయ్య పట్టుచీర అంచులో ప్రతి పువ్వూ ఉంది. పాస్టరమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మావయ్య అయితే కుర్చీలోంచి సగం లేచిపోయి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. అందులో నేను ఎక్కడా లేను. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు.